అనుకూలం గడిలో నీ పేరు

టర్లీ క్రీక్,
మార్చి 27, గురువారం.

చిరంజీవి కెజ్జీకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలని నీకు ఉత్తరాలు రాయడం నేర్పింది నేనే కాబట్టి నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. మీ నాన్న మోకాలూ నా కోపమూ తప్ప మిగతావన్నీ క్షేమమే. నువ్వు సోమవారం రాసిన ఉత్తరం ఈ మధ్యాహ్నం అందింది. మూడు వారాలుగా ఫోను ఎత్తని పిల్ల నాలుగు పేజీలు చేత్తో రాసిందంటే ఏదో ఉందనుకుంటూనే విప్పాను. వీధిలో పోస్టు డబ్బా దగ్గరే నిలబడి ఒకసారి చదివాను, వంటింట్లో కూర్చుని ఇంకోసారి చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. అక్కడక్కడా అక్షరాలు కాగితంలోకి దిగబడి ఉంటే ఏమీ అనుకోకు.

నువ్వు అడిగినవాటిలో తేలికైనవి ముందు చెబుతాను. ఎస్తేరు ఆదివారం ఈనింది. మేము చర్చి నుంచి వచ్చేసరికి రెండు పిల్లలూ గడ్డిలో లేచి నిలబడి ఉన్నాయి. రెండూ ఆడవే. మీ చెల్లెలు వాటికి సవరణ, తీర్మానం అని పేర్లు పెట్టింది. మేకపిల్లలకు అవేం పేర్లే అంటే, "మనింట్లో రోజూ వినపడేవి అవేగా" అంది. సవరణ బాగానే పాలు తాగుతోంది, తీర్మానానికి సీసా పట్టాల్సి వస్తోంది. మీ నాన్నను నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఆయన ధాన్యం గిడ్డంగిలో రోజుకు నాలుగుసార్లు ఆ ఇనప నిచ్చెన ఎక్కుతూనే ఉన్నాడు. అడిగితే, డాక్టరు అన్నది ఇంట్లో నిచ్చెన గురించి అంటాడు. చెల్లెలు లోయిస్ చదువెలా సాగుతోందని కూడా అడిగావు. దానికి జవాబు కొంచెం కిందికి పోయాక రాస్తాను.

ఇక మిగిలినవి రెండు. నీ చీటీ ఎవరు మార్చారు? నీలం రంగు బీజగణితం పుస్తకం నువ్వు పూర్తి చేశావా, లేదా? వీటి దగ్గరికి వచ్చేముందు ఈ రెండు వారాల్లో ఇక్కడ ఏం జరిగిందో నువ్వు వినాలి. అది వినకుండా జవాబులు మాత్రం చదివితే నన్ను ఒక పక్క నుంచే చూస్తావు. నీకు కోపం రావడంలో న్యాయం ఉంది. నా కోపంలోనూ కొంత ఉంది.

నిన్ను రెండో తరగతిలో బడి మాన్పించి ఇంట్లో చదివించడం మొదలుపెట్టిన ఏడాదినుంచీ, అంటే పన్నెండేళ్ళుగా, నేను చేస్తున్న పని నీకు కొత్త కాదు. జనవరిలో శాసనసభ మొదలైన రోజు నుంచి మే ఆఖరు వరకు పొద్దున్నే కాఫీతో బాటు కొత్త బిల్లుల జాబితా ముందేసుకుని కూర్చుంటాను. ఇంటిబడి పిల్లల జోలికీ, తల్లిదండ్రుల హక్కుల జోలికీ వచ్చే బిల్లు ఉంటే ఎరుపు, రావచ్చేమో అనిపిస్తే పసుపు, సంబంధం లేనిదైతే పచ్చ. నాలుగు జిల్లాల్లో రెండువందల నలభై కుటుంబాలు ఆ పట్టిక చూసి నిశ్చింతగా పాఠాలు చెప్పుకుంటున్నాయి. జనవరిలో పొలాల మురుగుకాలువల బిల్లు ఒకటి వచ్చింది, సెనేటు బిల్లు 1188. కాలువ గట్ల మీద కలుపు ఎవరు తీయాలనే గొడవ. నేను పచ్చరంగు వేశాను. ఎవరైనా అదే వేస్తారు.

మార్చి పద్నాలుగు, శుక్రవారం, ఆఫీసులు మూసే పది నిమిషాల ముందు దానికో సవరణ పెట్టారు. "శీర్షిక తర్వాత ఉన్నదంతా తొలగించి ఈ క్రింది విధంగా చేర్చవలెను." అంతే, కాలువలు మాయమయ్యాయి. వాటి స్థానంలో మన వంటింటి బల్ల వచ్చి కూర్చుంది. ప్రతి ఆగస్టులో పిల్లల పేర్లు జిల్లా విద్యాశాఖలో రాయించాలట. పదేళ్ళకు, పదమూడేళ్ళకు, పదహారేళ్ళకు లైసెన్సున్న టీచరొకరు వచ్చి పిల్లల చదువూ లెక్కలూ చూసి సంతకం పెట్టాలట. పెట్టకపోతే బడి ఎగ్గొట్టిన పిల్లల కేసు కిందికి వస్తుందట. సెనేటర్ పెన్‌హాలో దీన్ని దొడ్డిదారిన తెచ్చాడు. ఇలాంటిదే మూడేళ్ళ క్రితం ముందు గుమ్మంలోంచి తెస్తే మనం తిప్పి పంపాం కదా, ఆ కసి. నేను ఆ సవరణ చూసింది సోమవారం పొద్దున. రెండు రోజులు పోయాయి. అప్పటికి ఎవరికీ చెప్పకుండా వంటింట్లో ఒక గిన్నె విసిరికొట్టాను. అది మీ నాన్నమ్మ ఇచ్చిన గిన్నె, సొట్ట పడింది.

నా కోపం ఎందుకో నీకైనా అర్థం కావాలి. రెండో తరగతిలో నీకు చదవడం రావడం లేదని ఆ టీచరమ్మ నీ కుర్చీని వరండాలో వేయించింది. పదిహేడు రోజులు నువ్వు గోడకేసి చూస్తూ కూర్చున్నావు. నువ్వు రోజూ పొద్దున వాంతి చేసుకుంటుంటే కడుపులో పురుగులేమో అనుకున్నాను. చివరికి ఊడ్చే ఆవిడ చెబితే తెలిసింది. నిన్ను ఇంటికి తెచ్చి, మన వసారాలో విత్తనాల కంపెనీ బొమ్మల పుస్తకం ముందేసుకుని, క్యారెట్టు దగ్గర మొదలుపెట్టి పదకొండు వారాల్లో చదవడం నేర్పించాను. ఆ పని ఏ లైసెన్సూ లేని అమ్మ చేసింది. ఆ వరండా ఉన్న బడి వాళ్ళే ఇప్పుడొచ్చి నేను సరిగ్గా చెబుతున్నానో లేదో చూస్తారంటే నా రక్తం మరిగిపోదా?

అందుకే వారమంతా పూనకం పట్టినట్టు పనిచేశాను. విచారణ మంగళవారం ఇరవై ఐదున, 114వ నంబరు గదిలో అన్నారు. అందరికీ కబురు పంపాను, ఎవరికి వాళ్ళు అభిప్రాయం చీటీలు నింపండి అని. కంప్యూటర్లో నింపే ఆ చీటీ సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. పేరు, ఊరు, ఎవరి తరఫున అని ఒక గీత, దాని కింద అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అని మూడు గళ్ళు. ఏ మహానుభావుడు తయారుచేశాడో గానీ అనుకూలం గడిలో ముందే చుక్క పెట్టి ఉంటుంది. మార్చుకోకుండా పంపితే మన ఓటు మన నెత్తినే పడుతుంది. ప్రతి ఏడూ కొందరు అలా పంపేస్తారు. ఈసారి పంతొమ్మిది మంది. వాళ్ళలో మన ఆర్డిస్ పెట్టీ ఒకతె. ఊరందరికీ వ్యాను నడిపి, రోల్స్ కాల్చి, పోరాటం అంటే ముందుండే మనిషి వరసగా రెండో ఏడు శత్రుపక్షంలో సంతకం పెట్టింది. అడిగితే, తొందరలో కళ్ళజోడు పెట్టుకోలేదంది.

ఆ తప్పులు పట్టుకోవడానికి నేను అనుకూలం జాబితా మొత్తం ఒక్కో పేరూ చదువుతాను. మన వాళ్ళ పేర్లు ఏరి, కమిటీ గుమస్తా మిస్ ఓడెల్‌కు పంపితే ఆవిడ గడి మారుస్తుంది. మన ఇంటిబడి సంఘం తరఫున నా సంతకం చాలు. ఆదివారం మధ్యాహ్నం, మేక ఈనిన హడావుడి తగ్గాక కూర్చున్నాను. వ్యతిరేకం పదకొండు వేలు దాటింది. అనుకూలం మూడువందల పన్నెండు. వాటిలో రెండువందల ఎనభై ఏడో పేరు, కెజాయా ఆస్ట్రాండర్.

పాపం నువ్వూ తొందరలో గడి మార్చుకోలేదనుకున్నాను. పంతొమ్మిది పేర్ల కింద ఇరవయ్యో పేరుగా నీ పేరు చేర్చి పంపాను. నీ చీటీ మార్చింది నేనే. ఒక ప్రశ్నకు జవాబు వచ్చింది కదా. తర్వాతది చదువు.

మంగళవారం తెల్లవారుతూనే రెండు వ్యాన్లలో బయల్దేరాం. నలభై పళ్ళేల దాల్చినచెక్క రోల్స్, చర్చి బట్టల్లో పిల్లలు. ఒక్కో సభ్యుడి ఆఫీసుకు ఒక్కో పళ్ళెం, మీ చిన్నప్పుడు చేసినట్టే. పెన్‌హాలో ఆఫీసులో కూర్చునే పిల్ల లోయిస్ చేతిలో పళ్ళెం చూసి, మా ఆఫీసులో అందరం తీపి మానేశామంది. లోయిస్ మర్యాదగా సరేనండీ అని పక్క ఆఫీసుకు పోయింది. నేనైతే ఆ పళ్ళెం అక్కడే బోర్లించి వచ్చేదాన్ని.

విచారణలో పెన్‌హాలో ముందు మాట్లాడాడు. మంచి తల్లిదండ్రులు భయపడాల్సిందేమీ లేదు, దాచుకునేది ఉన్నవాళ్ళకే భయం అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపే చూశాడు. నా వంతు వచ్చింది. రెండు నిమిషాలు. వరండా కథ చెప్పాను, నీ పేరుతో సహా చెప్పాను, నిన్ను అడక్కుండానే. ఇప్పుడు నా కూతురు నర్సింగ్ చదువుతోందని కూడా చెప్పాను. వెనక మన వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు ఆ చివర కూర్చునే ముసలాయన, టోలివర్ అని, ఎప్పుడూ కునికిపాట్లు పడుతుంటాడు చూడు, ఆయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మీ పిల్లల లెక్కలు ఎవరు దిద్దుతారమ్మా?"

"నేనే దిద్దుతానండి."

వెనక చప్పట్లు. చైర్మన్ చెక్కసుత్తితో బల్ల మీద కొట్టాడు. ముసలాయన తలూపి మైకు అవతలికి నెట్టాడు. ఓటింగు వచ్చే మంగళవారానికి వాయిదా వేశారు. తిరుగుదారిలో వ్యాన్లో అందరూ నా జవాబునే తలచుకుని మురిసిపోయారు. ఆర్డిస్ అయితే దాన్ని గుడ్డ మీద కుట్టి గోడకు తగిలించుకుంటానంది. నేనూ నవ్వాను. కానీ ఏదో సరిగ్గా లేదని లోపల పీకుతూనే ఉంది. పెన్‌హాలో మీద కోపం అనుకున్నాను.

నిన్న భోజనాల దగ్గర మీ నాన్నకు చీటీల సంగతి చెప్పాను. ఇరవై పేర్లు సరిచేయించానని గొప్పగానే చెప్పాను. ఇరవయ్యో పేరు ఎవరిదో చెప్పేసరికి ఆయన చెంచా కింద పెట్టాడు.

"కెజ్జీ తప్పు గడి నొక్కదు, మార్లిస్."

అందరూ నొక్కుతారు, ఆర్డిస్ రెండేళ్ళూ నొక్కింది అన్నాను.

"ఆర్డిస్ సంగతి వేరు. ఆ ఫారం ఎలా నింపాలో మన పిల్ల పద్నాలుగేళ్ళప్పుడే ఊరందరికీ ఫోన్లో చెప్పింది. ఆ సంగతి నీకూ తెలుసు."

ఆ మాట అని కంచం తీసుకుని లేచి, దాన్ని తనే కడిగి, మేకల దగ్గరికి వెళ్ళిపోయాడు. మీ నాన్న అరిస్తే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. మందుల మోతాదు లెక్కల పరీక్షలో రెండుసార్లు తప్పావన్నావు. ఏప్రిల్ పదిన ఆఖరి అవకాశం, అది పోతే చదువులోంచి తీసేస్తారన్నావు. బీజగణితంలో ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్న అమ్మాయికి ఈ లెక్కలు ఎందుకు రావని కాలేజీ వాళ్ళు అడిగితే, పుస్తకం పూర్తి చేశానని అమ్మ చెప్పింది, నేనే మర్చిపోయాను అన్నావు. దాని కింద రాసిన వాక్యం నేను ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, నువ్వు రాసింది నేను దాటవేయలేదని నీకు తెలియాలి. "నాకు బుర్ర తక్కువేమో అనిపిస్తోందమ్మా. ఎవరైనా ఒక్కసారి వచ్చి నా పుస్తకం తెరిచి చూసి ఉంటే బాగుండేది."

ఆ వాక్యం చదివి నేనేం చేశానో తెలుసా? లోయిస్‌ను పిలిచి లెక్కల నోటుపుస్తకం తెమ్మన్నాను. నా ఎర్రకలం ఫిబ్రవరి ఆరో తేదీ దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏడు వారాలూ పెన్సిలుతో టిక్కులే. ఒక్క తప్పు లేదు. ఇవెవరు దిద్దారే అని అడిగాను.

"నేనే. జవాబులు పుస్తకం వెనకాల ఉన్నాయిగా."

"ఒక్కటీ తప్పు పోలేదా?"

"వెనక్కి చూసి సరిచేసుకున్నాక తప్పులెందుకుంటాయమ్మా? జనవరి నుంచి మే దాకా నిన్ను లెక్కలు అడగొద్దని అక్క ఎప్పుడో చెప్పింది."

అది నవ్వుతూనే చెప్పింది, ఇల్లన్నాక ఇదొక పద్ధతి అన్నట్టు. అడిగితే విసుక్కుంటానని తెలిసి, చెల్లెలికి ఆ మాట ఎన్నేళ్ళప్పుడు చెప్పావు కెజ్జీ? అప్పుడు నీకెంత వయసు? దాన్ని మేకల దగ్గరికి పంపించి తలుపు వేసుకున్నాను. పెన్‌హాలో మీద కూడా ఎప్పుడూ రానంత కోపం వచ్చింది, నా మీద. విసిరికొట్టడానికి గిన్నె కూడా తీయబుద్ధి కాలేదు.

పైన ఒక అబద్ధం రాశాను. ఈ ఉత్తరం చించేసి మళ్ళీ రాయవచ్చు, కానీ మన బల్ల దగ్గర నియమం ఏమిటో నువ్వు మర్చిపోయి ఉండవు. తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, ఏది తప్పో ఏది ఒప్పో చదివేవాళ్ళకు రెండూ కనపడాలి. బిల్లుల్లో కూడా అంతే చేస్తారని నీకు ఎనిమిదేళ్ళప్పుడు చూపించాను. అందుకే పైన నీ పేరున్న చోటికి వెళ్ళి "తొందరలో గడి మార్చుకోలేదనుకున్నాను" అన్న మాట మీద గీత కొట్టాను, చూడు. సరైనది ఇది. నువ్వు పొరపాటున పంపలేదని నాకు చూసిన క్షణంలోనే తెలుసు. ఎవరి తరఫున అన్న గీత మీద అందరూ ‘స్వయంగా’ అని రాస్తారు. నువ్వు ‘ఇంట్లో చదువుకున్న అమ్మాయి’ అని రాశావు. అది చదివాను. రెండుసార్లు చదివాను. చదివి కూడా నీ పేరు పొరపాటు పడ్డవాళ్ళ జాబితాలో చేర్చాను. ఇరవై ఏళ్ళ పిల్ల నోరు తెరిచి తన మాట తను చెబితే, ఆ మాట తీసేసి నా మాట పెట్టాను. పెన్‌హాలో మురుగుకాలువలకు చేసింది నేను నీకు చేశాను.

ఎందుకు చేశానంటే నీలం పుస్తకం వల్ల, ఎవరైనా నిన్ను కారణం అడిగితే అది బయటపడుతుందని. దాన్ని నువ్వు పూర్తి చేయలేదు. నువ్వేమీ మర్చిపోలేదు. నీకు బుర్ర తక్కువ కాదు. ఏడో అధ్యాయం నుంచి ఆ పుస్తకం నేను నీకు చెప్పనే లేదు.

మూడేళ్ళ క్రితం వసంతకాలం గుర్తు తెచ్చుకో. ఒకేసారి నాలుగు బిల్లులు. వారానికి మూడు రోజులు నేను రాజధానిలో ఉండేదాన్ని, పోనూ రానూ నాలుగు గంటల దారి. నువ్వు వంట చేశావు, తొమ్మిదేళ్ళ లోయిస్‌ను చూసుకున్నావు, నా పట్టిక టైపు చేశావు, ఇంటింటికీ ఫోన్లు చేశావు. అందరి ముందూ నిన్ను నా కుడిచెయ్యి అని చెప్పుకున్నాను. నీకు పాఠం చెప్పే హక్కు కోసం కొట్లాడుతూ నీకు పాఠం చెప్పలేదు. జనవరిలో ఆరో అధ్యాయం దగ్గర పెట్టిన కాగితం గుర్తు మే నెలలో కూడా అక్కడే ఉంది. నువ్వు చదువు పూర్తయిన కాగితాలు అడిగిన రోజు, నువ్వు కొట్టంలో పాలు పితుకుతుండగా, ఈ బల్ల దగ్గరే కూర్చుని పదిహేను నిమిషాల్లో నీ మార్కుల పట్టిక రాసేశాను. బీజగణితం రెండో ఏడు, ‘ఏ’. నువ్వొచ్చి అది చూసి, "నేనిది పూర్తి చేశానా అమ్మా?" అని అడిగావు. చేశావు అన్నాను. ఇంకో మాట లేకుండా నమ్మావు. నా మాట కన్నా నీ జ్ఞాపకాన్నే తక్కువగా చూసుకోవడం నేర్చుకున్నావు, అదీ నా దగ్గరే. మొన్న ముసలాయన ముందు నేనే దిద్దుతాను అన్నప్పుడు లోపల పీకింది ఇదే.

ఇప్పుడు నేను ఏం చేశానో రాస్తాను. చేస్తానని కాదు, చేసినవి. మిస్ ఓడెల్‌కు ఫోను చేసి, నా జాబితాలో ఇరవయ్యో పేరు పొరపాటు కాదు, నేను చేసింది తప్పు, ఆ చీటీ మళ్ళీ అనుకూలంలో పెట్టండి అని చెప్పాను. పన్నెండేళ్ళలో ఇటు నుంచి అటు మార్చమని ఎవరూ అడగలేదట. రాతపూర్వకంగా ఇమ్మంది. ఇచ్చాను. తర్వాత, నవ్వకు, ఒక బడి టీచరుకు ఫోను చేశాను. మీ కాలేజీకి రెండు వీధుల అవతల ఉండే మిసెస్ హఫేకర్, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. ఆర్డిస్‌కు వదినె వరస. ఏ అధ్యాయం దగ్గర ఆగింది అని అడిగింది. ఆరు అన్నాను. ఆ అంకె నా నోటితో ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ దెప్పుతుందని చూశాను, దెప్పలేదు. శనివారం పది గంటలకు పుస్తకం తీసుకుని రమ్మనండి, పన్నెండు రోజులు చాలు, మోతాదు లెక్కలకు మొత్తం అక్కర్లేదు అంది. వెళ్ళు. నా మీద పంతానికి మానేయకు.

శనివారం పొద్దున్నే అందేలా ఈ ఉత్తరంతో పాటు మూడు వస్తువులు ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను. నీలం పుస్తకం ఒకటి. ఏడో అధ్యాయం నుంచి కొన్ని పేజీల అంచులు ఇంకా విడిపోనే లేదు, నీ వేలితో నువ్వే విడదీసి చూసుకో, ఇంకెప్పుడూ నిన్ను నువ్వు అనుమానించుకోకు. రెండోది మీ కాలేజీ డీనుకు నా సంతకంతో ఉత్తరం, ఊళ్ళో నోటరీ ముందు పెట్టిన సంతకం. మా అమ్మాయి అబద్ధమాడలేదు, నేను ఆడాను అని అందులో ఉంది. మూడోది నీ మార్కుల పట్టిక, ఇంట్లో ఉన్న అసలు ప్రతి. బీజగణితం ఎదురుగా ఉన్న ‘ఏ’ మీద ఒక్క గీత కొట్టి, పక్కన ‘ఆరో అధ్యాయం వరకు’ అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను.

నా అభిప్రాయం మారిందని మాత్రం అనుకోకు. ఆ బిల్లు దొడ్డిదారిన వచ్చింది, వరండాలో కుర్చీలు వేసేవాళ్ళ చేతికి తాళాలు ఇస్తుంది, నేను దానికి వ్యతిరేకం. వచ్చే మంగళవారం 114వ గదిలో నా చోట నేను కూర్చుంటాను. ఈ ఉత్తరం అక్కడ బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. పెన్‌హాలో దీన్ని పటం కట్టించుకుంటాడు. పన్నెండేళ్ళుగా నన్ను నమ్మిన రెండువందల నలభై ఇళ్ళలో సగం నా ఫోను ఎత్తవు. ఆర్డిస్ ఇంకా నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. నేను ఒక్కదాన్ని చేసిన పనికి, నిజాయితీగా కూర్చుని పాఠాలు చెప్పుకునే తల్లులందరూ మాట పడతారు. అది తలచుకుంటే ఈ కాగితం పొయ్యిలో వేయాలనిపించింది. వేయలేదు.

మిస్ ఓడెల్‌ను ఇంకొకటి అడిగాను. చీటీ పంపినవాళ్ళు మాట్లాడతామంటే ఓటింగుకు ముందు రెండు నిమిషాలు ఇస్తారట. నీ పేరు రాయించలేదు. ఈసారి నీ పేరు నువ్వే రాయించుకో, లేదా మానుకో. వస్తే నా పక్కన కూర్చోనక్కర్లేదు, అనుకూలం వాళ్ళు కుడి వైపు కూర్చుంటారు, నీకు తెలుసు. అక్కడ ఈ ఉత్తరం చదవాలనుకుంటే నీలం పుస్తకం దగ్గర నుంచి మొదలుపెట్టు. మేకల సంగతి వాళ్ళకు అక్కర్లేదు, రెండు నిమిషాలే ఉంటాయి. ముసలాయన టోలివర్‌కు చెవుడు, కాబట్టి గట్టిగా చదువు. చదవడం నీకు బాగా వచ్చు. అది నేను నేర్పించాను.

లోయిస్ నోటుపుస్తకం ముందుంది. ఏడు వారాలవి దిద్దాలి. ఎర్రకలం వెతుక్కుని మొదలుపెడతాను.

ఇట్లు,
నీ లెక్కలు దిద్దవలసిన
అమ్మ.